జాబితాలో లేని నిర్వాసితులు

వెలిగొండల తూర్పువాలున, పెన్న సోమశిల యొద్ద కొండలను చీల్చుకొని మైదానమునకు దిగుచోటినుండి ఉత్తరమున ఉదయగిరి దుర్గపాదమువరకు వ్యాపించిన మెట్టసీమలో, ఏ పల్లె కేగినను, ఇండ్లవరుస ముగిసిన పిదప, చెరువుకట్ట వాలుననో వాగుపోరంబోకుననో చిల్లకంప నడుమనో పది పదిహేను గుడిసెలు కానవచ్చును. నడుము వంచినగాని వానిలో ప్రవేశింపరాదు. తాటియాకు కప్పుపై టార్పాలిను పట్టా పరచి, గాలికి లేవకుండ రాళ్లు పెట్టియుందురు. వానకు పొయ్యి తడిసినచో ఆ పూటకు వంట లేదు. ఊరివారు ఆ చోటును ఎస్టీ కాలనీ యందురు. రెవెన్యూ పటమున మాత్రము అది చెరువు, వాగు, లేదా మేతబీడు. అచట కాపురమున్నవారు యానాదులు.

2011 జనాభా లెక్కలలో, ఈ సీమ గల నెల్లూరుజిల్లా షెడ్యూల్డు తెగల సంఖ్య 2,85,997. అందు అత్యధికులు వీరే. జిల్లాజనమున దాదాపు పదింట నొకరు గిరిజనులైనను, ఈ జిల్లాలో ఒక్క గ్రామమైనను రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు క్రింద ప్రకటితమైనది కాదు. కావుననే విశాఖ, గోదావరి మన్యములలో గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలుగాకుండ కాచు 1959 నాటి భూబదిలీ నిబంధనయు, దానిని కఠినతరము చేసిన 1970 నాటి ఒకటవ నిబంధనయు ఈ సీమలోని ఆత్మకూరునకుగాని ఉదయగిరికిగాని వర్తింపలేదు. ప్రభుత్వమిచ్చిన డి.కె.టి. భూమిని అమ్మరాదు, కొనరాదని 1977 నాటి చట్టము శాసించెను. కాని బిడ్డ వైద్యమునకై చేసిన అప్పుక్రింద పట్టాకాగితము ఆసామి పెట్టెలో చేరిననాడు, చదువురాని ఆ తండ్రికి ఆ చట్టమును విప్పిచెప్పువా రెవరు?

నిర్వాసితులనగానే మన తలంపునకు ఒక ఆనకట్టయో, గనియో, దానితోపాటు ఒక తేదీయో వచ్చును. యానాదుల చరిత్రలో అట్టి తేదీ గల ఘట్టము శ్రీహరికోట. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న ఆ దీవి 1835లో కుంపిణీ ప్రభుత్వపు స్వాధీనమైన పిమ్మటను వారు ఆ యడవిలోనే నిలిచి, చిరివేరు, కుంకుళ్లు, ముష్టిగింజలు, తేనె సేకరించి సర్కారున కప్పగించుచుండిరి. 1969లో రాకెట్ల ప్రయోగమునకు ఆ స్థలము ఎన్నికయ్యెను; 1971 అక్టోబరు 9న రోహిణి-125 అచటినుండి నింగి కెగసెను; దీవిలోని యానాదులు పెక్కురు ఆవలి గట్టు చేరి కూలినాలి వెదకుకొనవలసివచ్చెను. ఆ ప్రయోగశాల సాధించిన విజయములకు నేను మనసార సంతసించువాడను. ఆ సంతసమే, అందుకై తావు విడిచిన కుటుంబముల ఋణము ఇంకను తీరలేదని నాకు గుర్తుచేయుచున్నది.

పడమటి మెట్టలోని యానాదులకు అట్టి తేదీ యేదియు లేదు. కృష్ణదేవరాయలు ప్రతాపరుద్ర గజపతి సేనలనుండి ఉదయగిరి దుర్గమును దీర్ఘకాలపు ముట్టడి యనంతరము 1514లో గైకొన్నట్లు చరిత్రకారులు వ్రాసియుంచిరి. ఆ దుర్గము చుట్టునున్న అడవి, దానిపై బ్రతికినవారి చేతినుండి ఎన్నడు జారిపోయెనో ఎవ్వరును వ్రాయలేదు. 1882 నాటి మద్రాసు అడవుల చట్టము ననుసరించి రిజర్వుల హద్దురాళ్లు పాతుకొనుచు వచ్చినకొలది, దుంప త్రవ్వుట, తేనె తీయుట, కట్టె కొట్టుట ఒక్కొక్కటిగా అనుమతికి లోబడిన కార్యములాయెను. 1911 నాటి నేరస్థజాతుల చట్టపు నీడ యానాదులపై గూడ పడెను. 1947లో మద్రాసు రాష్ట్రమునను, 1952లో దేశమంతటను ఆ శాసనములు రద్దగువరకు, పుట్టుకయే నేరమన్న నిందను తలదాల్చినవారి పక్షమున జీవితకాలము పోరాడినవాడు నెల్లూరుసీమవాడే యైన వెన్నెలకంటి రాఘవయ్య. ఆయన 1962లో యానాదులను గూర్చి ఆంగ్లమున వెలువరించిన గ్రంథము నేటికిని ప్రతి అధికారి బల్లపై నుండదగినది.

అడవి మూతపడగా మిగిలినది జీతము. ఆసామి తోటకు కాపలా యుండుట, పశువులు కాచుట, పంటకాలమున ఎలుకబొరియలకు కుండతో ఊదర పెట్టి చేను కాపాడుట వీరి వృత్తులు. బొరియలో ఎలుక దాచిన వరివెన్నులే ఒకనాడు వీరి యింటి గింజలు. నేడీ మెట్టప్రాంతమున వీరిని విస్తారముగా పిలుచు పని బొగ్గుబట్టీ. కాంట్రాక్టరు అడ్వాన్సు నిచ్చును. ఆ రొక్కముతో పాతబాకీ తీరును, లేదా పెండ్లి జరుగును. పిమ్మట కుటుంబమంతయు తట్టాబుట్టా నెత్తికెత్తుకొని, బీళ్లలో పెరిగిన చిల్లచెట్లున్న చోటికి తరలిపోవును. ముండ్లకంప నరికి, మొద్దులు పేర్చి, ఆకుతో మట్టితో కప్పి, లోన నిప్పు పెట్టి, అది మంటగా లేవక కమురుచునే యుండునట్లు రేయింబవళ్లు కావలి యుండవలెను. ఎచటనైన మట్టి పగిలి గాలి చొరబడెనా, కష్టమంతయు బూడిదయగును. అందుచే తల్లిదండ్రులలో నొకరు నిదురించునపుడు ఒకరు మేల్కొనియుందురు; పొగ మాత్రము పసిబిడ్డతో సహా అందరి రొమ్ములలోనికిని పోవును. కూలి బస్తాల లెక్క. లెక్క వ్రాయువాడు కాంట్రాక్టరు. ఋతువు ముగిసినపుడు బాకీ మిగిలెనన్నచో, మిగులలేదని నిరూపించుటకు వీరియొద్ద ముక్క కాగితమైనను ఉండదు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లోనే వచ్చినది. అప్పునకు బదులుగా శ్రమను కట్టివేయుట యే పేరున జరిగినను ఆ చట్టము దానిని నిషేధించుచున్నది.

ఈ వలసల మూలమున బడిలో బిడ్డపేరు కొట్టివేయబడును. ఇంటింటి విచారణకు ఉద్యోగి వచ్చిననాడు గుడిసె తలుపు మూసియుండును. పురుడు గుడిసెలోనో బట్టీకడనో జరుగుటచే జననపత్రము లేదు. అది లేక ఆధార్ చిక్కదు. ఆధార్ లేక రేషన్ కార్డు, కులధ్రువపత్రము, పక్కాయిల్లు ఏవియు దరిజేరవు. నాకు తోచినంతలో, ఈ సీమలో యానాదుల దారిద్ర్యమునకు ఆస్తిలేమి యెంత కారణమో, కాగితలేమియు అంతే కారణము. రెండవదానిని ఒక మండలకార్యాలయము మనసుపెట్టినచో కొన్ని మాసములలో తొలగింపగలదు. నెల్లూరులో యానాదులకై ప్రత్యేకముగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ యొకటి గలదు. ఆ సంస్థ యుద్యోగులు బట్టీలయొద్దకే పోయి, పొయ్యిప్రక్కనే కూర్చుండి దరఖాస్తులు పూరింపవలెను; బస్సుఖర్చు పెట్టుకొని, దినకూలి పోగొట్టుకొని వచ్చి వరుసలో నిలువుమని వారి కాజ్ఞాపించుట అన్యాయము.

1894 నాటి భూసేకరణ చట్టము భూమిపై హక్కుగలవానికే పరిహారము చూపినది. చెరువుకట్టపై ఇరువదియేండ్లు కాపురమున్నవానికి అందు చోటు లేకుండెను. 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన నూతన చట్టము, భూమి లేకున్నను ఆ భూమిపై జీవనోపాధి గల కుటుంబమును గూడ బాధితకుటుంబముగా అంగీకరించినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము, 2005 డిసెంబరు 13కు పూర్వము అడవిలో అనుభవమున్న గిరిజనునికి హక్కుపత్ర మిమ్మనుచున్నది. ఉదయగిరి మెట్టలకు గూడ నీరందించుటకు సంకల్పింపబడిన వెలిగొండ ప్రాజెక్టు కాలువలు ఈ సీమలో సాగుటకు సర్వే రాళ్లు పడునపుడు, పట్టాదారుల పేర్లతోపాటు వాగుగట్లమీది గుడిసెలను గూడ ఒక్కొక్కటిగా లెక్కించి, ఆ జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదివి, యానాదులు విని సరియన్న పిమ్మటనే కాలువపని మొదలుపెట్టవలెను.