పటంలో గుంట వుంది, కూలి లేదు

పటం మన వూళ్ళల్లో ఎవరికీ కొత్త కాదు. గట్టు తగాదా వచ్చిన ప్రతిసారీ గ్రామ నక్షా బయటికి తీస్తారు, ఎఫ్ఎంబీ నకలు తీస్తారు. తెలంగాణ పల్లెల్లో టీపన్ అంటారు. సర్వేయరు గొలుసు పరిపిస్తే ఆ గొలుసు లాగింది, ముళ్ళకంప నరికి దారి చేసింది, హద్దురాళ్ళు మోసి పాతింది కూలివాళ్ళే. పటం తయారయ్యాక అది కరణం పెట్టెలోకి, ఆ తర్వాత తాసీల్దారు బీరువాలోకి పోయింది. చూడాలంటే అర్జీ పెట్టాలి, చెయ్యి తడపాలి. ఇప్పుడు పటం బీరువా వదిలి కంప్యూటర్లోకి వచ్చింది, చేతిలో ఫోను వుంటే ఎవరైనా చూసుకోవచ్చు అంటున్నారు. చూసుకోవచ్చు, నిజమే. అయితే అందులో ఏది చూపించాలో, ఏది చూపించకూడదో ఎవరు నిర్ణయిస్తున్నారు? కూలి సంఘాల్లో పనిచేసేవాళ్ళు ఇది తెలుసుకుని తీరాలి. పదేళ్ళ నుంచీ మన కూలి డబ్బులు ఈ పటం చుట్టూ తిరుగుతున్నాయి మరి.

ఈ పటాలు తయారుచేసేవాళ్ళని వెబ్ మ్యాపింగ్ డెవలపర్లు అంటారు. మా ప్రాంతం నుంచి వెళ్ళి హైదరాబాదులో ఈ పని చేస్తున్న యువకుడొకరు వున్నారు. ఆయన తల్లి ఇప్పటికీ నాట్లకు పోతుంది. సెలవులకి వచ్చినప్పుడు ఆయన్ని కూర్చోబెట్టి మేము అడిగి అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం. కాలేజీ మొహం చూడని మాకు అర్థమైందంటే పాఠకులకీ అర్థమవుతుంది.

తెర మీద కనపడే పటం ఒకే బొమ్మ కాదు. ఇంటికప్పు మీద పెంకుల్లాగా చిన్న చిన్న చదరాలు పక్కపక్కన పేర్చింది. వాటిని టైల్స్ అంటారు, అంటే పెంకులే. ఒక్కో పెంకు అడ్డం 256 చుక్కలు, నిలువు 256 చుక్కలు. ప్రపంచం మొత్తాన్ని ముద్దగా చూపాలంటే ఒక్క పెంకు చాలు. ఒక మెట్టు దగ్గరికి పోతే అది నాలుగవుతుంది, ఇంకో మెట్టుకి పదహారు. పద్దెనిమిదో మెట్టు దగ్గర, అంటే మన పొలం గట్టు కనపడే దగ్గర, లెక్క 6,871 కోట్ల పెంకులకి చేరుతుంది. అక్కడ ఒక్కో చుక్క మన నేల మీద సుమారు రెండడుగులు. ఇన్ని పెంకులూ ఫోనులోకి రావు. మనం చూసే మేరకు పదో పదిహేనో ఫోను అడుగుతుంది, ఎక్కడో వున్న సర్వరు పంపుతుంది. వేలితో పటాన్ని పక్కకి జరిపితే మళ్ళీ అడుగుతుంది.

ఆ అడిగే పద్ధతినే ఏపీఐ అంటారు. మాకు రేషన్ షాపు కిటికీ గుర్తొచ్చింది. మనం బయట వుంటాం, సరుకు లోపల వుంటుంది. కార్డు చూపించాలి, జాబితాలో వున్నదే అడగాలి. లోపల కందిపప్పు బస్తా కళ్ళకి కనపడుతున్నా, జాబితాలో లేదంటే డీలరు ఇవ్వడు. ఏపీఐ కూడా అంతే. దానికీ ఒక కార్డు వుంటుంది, ‘కీ’ అంటారు. ఎన్నిసార్లు అడగొచ్చో, ఏమేం అడగొచ్చో కిటికీ లోపల వున్నవాడు ముందే రాసిపెడతాడు. డెవలపరు పనిలో సగం ఈ కిటికీల దగ్గర నిలబడటమే. ఒక కిటికీలో పెంకులు, ఇంకో కిటికీలో వూళ్ళ హద్దులు, మూడోదాంట్లో వర్షం లెక్కలు తెచ్చుకుని, ఒకదాని మీద ఒకటి పొరలుగా పరిచి మనకి చూపిస్తారు.

కిటికీ ఎవరిది అనేది చిన్న విషయం కాదు. గూగుల్ కంపెనీ తన పటాన్ని 2005లో పెట్టింది, అదే ఏడు ఏపీఐ కూడా తెరిచింది. వూరికే వస్తుందని లక్షలమంది దాని మీద కట్టుకున్నారు. 2018లో రేట్లు మార్చేసింది. అప్పటిదాకా రోజుకి 25 వేలసార్లు పటం ఉచితంగా చూపించుకోగలిగినవాళ్ళకి నెల మొత్తానికి సుమారు 28 వేలసార్లే మిగిలింది, అదీ బ్యాంకు కార్డు ఇస్తేనే. మన దేశంలో పోటీ తగిలాక 2024లో అదే కంపెనీ ధరలు బాగా తగ్గించింది. పెంచేటప్పుడు పడ్డ ఖర్చేమిటో, తగ్గించేటప్పుడు వచ్చిన నష్టమేమిటో ఎవరికి తెలుసు! విత్తనాల కంపెనీల తీరు చూసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

దీనికి ఎదురుగా జనం కట్టుకున్న పటం కూడా వుంది. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా తమ వూరి బాట, చెరువు, బడి గీసి పెట్టొచ్చు. 2010 జనవరిలో హైతీ దేశంలో భూకంపం వచ్చినప్పుడు, ఎక్కడెక్కడో వున్న వందలాదిమంది కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి ఆ రాజధాని వీధుల్ని కొద్దిరోజుల్లో గీసి సహాయక దళాల చేతికిచ్చారు. ఇలాంటి పటాల్ని తెర మీద చూపించే లీఫ్‌లెట్ అనే పనిముట్టుని ఉక్రెయిన్‌లోని కీవ్ నగరపు డెవలపరు 2011లో తయారుచేసి ఉచితంగా విడుదల చేశారు. మా సంఘం వాడింది ఈ రెంటినే. పైసా ఖర్చు కాలేదు, కరెంటు బిల్లు తప్ప.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009లో భువన్ అనే పటాన్ని తెచ్చింది. 2016లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకుని, ఉపాధి హామీ కింద పూర్తయిన పనులన్నిటినీ ఆ పటం మీద చుక్కలుగా పెట్టించింది. 2017 నవంబరు నుంచి పనికి ముందు, మధ్యలో, అయిపోయాక అని మూడుసార్లు ఫొటో తీయాలన్నారు. ఫారంపాండ్లు, వూటకుంటలు, కందకాలు, పూడికతీసిన కాలువలు కోట్ల సంఖ్యలో చుక్కలయ్యాయి. చుక్క మీద నొక్కితే పనిపేరు, ఖర్చు, ఫొటో వస్తాయి. లేని చెరువు తవ్వినట్టు బిల్లులు తిన్న కాంట్రాక్టర్లని చూసినవాళ్ళం కాబట్టి దీన్ని మేము తప్పుపట్టం.

కానీ ఆ గుంట తవ్వినవాళ్ళకి కూలి పడిందా లేదా అనేది అక్కడ వుండదు. అది మస్టరు లెక్కల్లో, వేరే జాబితాలో, వేరే చోట వుంటుంది. 2005 చట్టం ప్రకారం మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకి 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. ‘ఈ రెంటినీ కలపటం అంత కష్టమా?’ అని డెవలపరుని అడిగాం. ‘పనికి ఒక నంబరుంటుంది. రెండు జాబితాల్లోనూ ఆ నంబరుంటే కలపటం పూటపని. కలపమని ఎవరూ చెప్పలేదు, అంతే’ అన్నారాయన. ఈ మాట మా కార్యకర్తలందరికీ బాగా ఎక్కింది. అంతవరకూ కంప్యూటర్లో లేదంటే సాధ్యం కాదేమో అనుకునేవాళ్ళు చాలామంది వున్నారు.

తవ్విన గుంటని చుక్క చేసినవాళ్ళు తర్వాత మనిషినీ చుక్క చేశారు. 2021లో ఫోను హాజరు తెచ్చి, 2023 జనవరి 1 నుంచి పనిస్థలాల్లో తప్పనిసరి చేశారు. రోజుకి రెండుసార్లు ఫొటో, ఫొటోతో పాటు అక్కడి అక్షాంశ రేఖాంశాలు. పొద్దున్నే పని ముగించుకుని ఎండెక్కకముందే ఇంటికి పోయే ఆడవాళ్ళు రెండో ఫొటో కోసం చెట్టు కింద పడిగాపులు పడ్డారు. సిగ్నలు అందక ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలి నీళ్ళపాలు. మరి దొంగలు ఆగారా? ఫొటోని మళ్ళీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారనీ, సంబంధంలేని బొమ్మలు పెడుతున్నారనీ 2025 జూలైలో కేంద్ర శాఖే రాష్ట్రాలకి ఉత్తరం రాసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. చట్టం మారినా చుక్క పెట్టే పద్ధతి పోలేదు, చట్టం లోపలికే వచ్చి కూర్చుంది.

ఆ చుక్కని ఎంతవరకు నమ్మొచ్చు? ఆరుబయట, ఆకాశం బాగా కనపడేచోట మామూలు ఫోను చెప్పే చోటికీ అసలు చోటికీ అయిదు మీటర్ల దాకా తేడా వుంటుంది. అంటే 16 అడుగులు. చెట్ల కింద, గోడల మధ్య ఇంకా ఎక్కువ. గుంట భూమి అడ్డం 33 అడుగులు, నిలువు 33 అడుగులు. ఆంధ్ర లెక్కలో సెంటు చదరంగా వుంటే ఒక పక్క 21 అడుగులు. మరి ఫోను చూపించి ‘నీ గట్టు ఇక్కడిదాకానే’ అని ఎవడైనా అంటే నమ్మాలా? సర్వే రోవరు వేరు, అది అంగుళాల్లో కొలుస్తుంది. ఫోను చుక్కని హద్దురాయిగా ఒప్పుకోవద్దు.

ఇంకో తమాషా వుంది. చోటు చెప్పటానికి రెండు అంకెలు కావాలి. విజయవాడ ఉత్తర అక్షాంశం 16.5, తూర్పు రేఖాంశం 80.6. మనం అక్షాంశం ముందు చెప్తాం, జియోజేసన్ అనే పద్ధతిలో రేఖాంశం ముందు రాయాలి. తిరగేసి రాస్తే విజయవాడ నార్వేకి ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవులు దాటాక మంచుసముద్రంలో తేలుతుంది. కంప్యూటరు తప్పు అనదు, ఎందుకంటే ఉత్తరాన 80.6 కూడా వున్న చోటే. ఇలాంటివి పట్టుకోవటానికే డెవలపర్లు రాత్రిళ్ళు కూర్చుంటారు. జీతం కంపెనీది, గడువు కంపెనీది, ఆలస్యమైతే మాట పడేది మాత్రం వాళ్ళు. వాళ్ళూ కూలివాళ్ళేనంటే ఆ యువకుడు నవ్వారు గానీ కాదనలేదు.

2024 వేసవిలో మా మండలంలో బకాయిల పటం వేశాం. కార్యకర్తలు జాబ్ కార్డులు, పాసుపుస్తకాలు చూసి, మస్టరు ఎప్పుడు ముగిసింది, డబ్బు ఎప్పుడు పడింది అని నోటు పుస్తకాల్లో రాసుకొచ్చారు. దాన్ని వూళ్ళ హద్దులతో కలపబోతే పేర్లు కలవలేదు. ఇంగ్లీషులో ఒక్కో జాబితా వూరి పేరుని ఒక్కోరకంగా రాసింది. కొత్తపల్లులైతే జిల్లాకి నాలుగు. చివరికి ప్రభుత్వం ప్రతి వూరికీ ఇచ్చే కోడు నంబరు పట్టుకుని కలిపారు. 15 రోజుల్లో పడితే ఆకుపచ్చ, నెల లోపయితే పసుపు, దాటితే ఎరుపు. అసలు రాజకీయం ఈ రంగుల్లోనే వుందని అప్పుడు తెలిసింది. మండలం మొత్తానికి సగటు కడితే అంతా పసుపే, ఎరుపు ఎక్కడా లేదు. వూరువూరునా విడిగా వేస్తే కొండవారగా వున్న దళిత, గిరిజన గూడేల దగ్గర ఎరుపు గుడ్డ పరిచినట్టు వుంది. అంకెలు అవే, పటాలు రెండు. అధికార్లు చూపించేది మొదటి పటం.

ఆ రెండోదాన్ని ఫ్లెక్సీ మీద అచ్చువేయించి ధర్నా దగ్గర కట్టాం. చదువు రాని ఆడవాళ్ళు ఉపగ్రహ చిత్రంలో తమ వూరి చెరువునీ, ఆ పక్క చింతతోపునీ గుర్తుపట్టి, ‘ఇదుగో ఇక్కడే మట్టి మోశాం’ అని వేలుపెట్టి చూపించారు. లోపలున్న సిబ్బంది కూడా ఒక్కొక్కరే వచ్చి తమ వూరు వెతుక్కుని వెళ్ళారు. ఆ తర్వాత కొన్ని వూళ్ళకి డబ్బులు పడ్డాయి. పటం చూసి పడ్డాయని మేము అనం. దాని కింద జనం కూర్చున్నారు కాబట్టి పడ్డాయి.

ఇప్పుడు కౌలురైతుల సంగతి మీద తర్జనభర్జన నడుస్తోంది. ప్రభుత్వ పటంలో ప్రతి కమతానికీ గీత వుంది, సర్వే నంబరుంది, యజమాని పేరుంది. దున్నేవాడికి గడి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుదారు కార్డు రావాలంటే భూమి యజమానితో ఒప్పందం కావాలి. సంతకం పెట్టేవాళ్ళు తక్కువ, కార్డు లేకపోతే పంట పోయినా పరిహారం లేదు. ఈ దున్నేవాళ్ళందరినీ ఒక పొరగా వేసి ఎదురుగా పెడదాం అన్నారు కుర్రకార్యకర్తలు. రెండెకరాలు కౌలుకి చేసే ఒకామె అడ్డం చెప్పింది. ‘నా పేరు మీరు బొమ్మలో పెట్టిన రోజే ఆసామి నా చేతిలోంచి చేను లాక్కుంటాడయ్యా. మీ చుక్క వచ్చి నాకు కూడు పెడుతుందా?’

ఆమె అన్నదాని మీద మూడు సమావేశాల్లో చర్చించాం. ప్రస్తుతానికి తేల్చింది ఇది. పేర్లూ, సర్వే నంబర్లూ నోటు పుస్తకంలోనే వుంటాయి, పుస్తకం వూరి కమిటీ దగ్గరే వుంటుంది. కంప్యూటర్లోకి పోయేది వూరికి ఎంతమంది, ఎన్నెకరాలు అన్న లెక్క మాత్రమే. అయిదుగురి కంటే తక్కువ వున్న వూరిని విడిగా చూపకుండా పక్క వూరితో కలిపేయాలని డెవలపరు సలహా ఇచ్చారు, లేకపోతే ఎవరో పోల్చుకోవటం ఆసామికి కష్టం కాదు. రెండు వూళ్ళల్లో లెక్క రాయటం మొదలైంది. అడ్డం చెప్పిన ఆమే ఒక వూళ్ళో పుస్తకం పట్టుకుని తిరుగుతోంది.