అన్నిటికీ మొలలేనా?

మలద్వారం దగ్గర నొప్పి అనగానే మనవాళ్ళు పెట్టే పేరు ఒక్కటే: మొలలు. గోడల మీద రాతలు కూడా గ్యారంటీగా నయం చేస్తామనేది వాటినే. తమాషా ఏమిటంటే, లోపలి మొలలు మామూలుగా నొప్పి పెట్టవు. రక్తం పడుతుంది, అంతే.

కిటుకంతా నరాల్లో ఉంది. మలద్వార నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. దాని నడుమ డెంటేట్ లైన్ అనే వంకరటింకర గీత ఒకటుంటుంది. గీతకు పైనున్న పేగు నరాలకు కోత తెలియదు, సాగితేనే తెలుస్తుంది. అందుకే కొలనోస్కోపీలో పేగు గోడ నుంచి ముక్క తుంచినా రోగికి పట్టదు, గాలి నింపితే మాత్రం కడుపు పట్టేస్తుంది. గీతకు కింద ఉన్నవి చర్మపు నరాలు, సూదిమొన తగిలినా ఊరుకోవు. లోపలి మొలలకు రబ్బరు బ్యాండు వేసే డాక్టరు గీతకు పైనే వేస్తాడు. కాస్త కిందికి జారిందా, రోగి బల్ల మీంచి లేచి కూర్చుంటాడు.

దొడ్డికి వెళ్తుంటే గాజుపెంకు కోసినట్టుందనీ, తర్వాత కూడా గంటా రెండు గంటలు సలుపుతోందనీ చెబితే అది చాలావరకు ఫిషర్, అంటే గీతకు కింది చర్మంలో చీలిక. ఎక్కువగా వెనకవైపు మధ్యలో వస్తుంది, రక్తసరఫరా అక్కడే తక్కువ. నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది. దాంతో రక్తం మరింత తగ్గి గాయం మానదు. భయపడి దొడ్డికి వెళ్ళడం వాయిదా వేస్తే మలం ఇంకా గట్టిపడుతుంది. కాబట్టి ఇసబ్గోల్, గోరువెచ్చని నీళ్ళ టబ్బు, కండరాన్ని సడలించే ఆయింట్‌మెంటు మూడూ కలిస్తేనే పని జరుగుతుంది. వాపుతో, జ్వరంతో రోజంతా సలిపితే మాత్రం చీముగడ్డ అనుకోవాలి. దాన్ని కోసి చీము తీయాల్సిందే.

నడిరాత్రి నిద్రలేపి, కొద్ది నిమిషాలు మెలిపెట్టి, జాడ లేకుండా పోయే నొప్పి ఇంకొకటుంది. భయపెడుతుంది గానీ ప్రమాదకరం కాదు.

పొత్తికడుపు నొప్పి కూడా తోడైతే లెక్క మారుతుంది. ఆడవాళ్ళలో గర్భాశయానికీ పురీషనాళానికీ మధ్య ఒక సంచి ఉంటుంది. 18వ శతాబ్దపు స్కాట్లాండ్ శరీరశాస్త్రజ్ఞుడు జేమ్స్ డగ్లస్ పేరే దానికి స్థిరపడింది. ఉదరకుహరంలో అదే పల్లపు చోటు, లోపల రక్తం కారినా చీము పట్టినా అక్కడికే చేరుతుంది. ట్యూబులో నిలిచిన గర్భం పగిలినప్పుడు ఆ రక్తం పురీషనాళాన్ని ఒత్తి, దొడ్డికి వస్తున్నట్టు అనిపిస్తుంది. నెల తప్పిన మనిషి పొత్తికడుపు నొప్పితో పదే పదే దొడ్డికి వెళ్తూ, కళ్ళు తిరుగుతున్నాయంటే అజీర్తి అనుకుని సోడా ఇవ్వకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నెలసరి రోజుల్లో మాత్రమే మలవిసర్జన నొప్పిగా ఉంటే ఎండోమెట్రియోసిస్‌ను అనుమానించాలి. మగవాళ్ళలో పురీషనాళం ముందు గోడకు ఆనుకునే ప్రోస్టేట్ ఉంటుంది. మూత్రంలో మంట, జ్వరం ఉంటే చూపు అటు తిప్పాలి.

వెళ్ళొచ్చినా ఇంకా మిగిలిపోయినట్టు ఉండటం జిగట విరేచనాల్లో మామూలే. వారాల తరబడి అలాగే ఉండి, రక్తం పడుతూ, బరువు తగ్గుతుంటే కాన్సర్ కాదని తేల్చుకునే దాకా మొలల మందులతో సరిపెట్టకూడదు.

సిగ్గుపడి వద్దంటారు గానీ, గ్లవ్సు వేసుకున్న వేలితో డాక్టరు చేసే పరీక్షకు నిమిషం చాలు. మంచం పట్టిన పెద్దవాళ్ళలో దాని విలువ తెలుస్తుంది. పురీషనాళంలో మలం గడ్డకట్టి అడ్డుపడితే, పక్కల నుంచి నీళ్ళలాంటి మలం కారుతుంది. ఇంట్లోవాళ్ళు విరేచనాలనుకుని ఆపే మాత్ర వేస్తారు, లోపల గడ్డ ఇంకా బిగుస్తుంది.