అల్పవోల్టేజి బఫరు చిప్పులు

క్షణమునకు కోట్ల పర్యాయములు మాఱు సంకేతమును ప్రాసెసరునుండి గైకొని, దాని యర్థమును మార్పక, పలు చిప్పులను నడపగల సత్త్వము నొసగి పంపునదే బఫరు చిప్పు. సంకేతము మాఱునప్పటి విద్యుద్వ్యయము వోల్టేజి వర్గము ననుసరించుటచే, 5 వోల్టులనుండి 3.3 వోల్టులకు దిగినంతనే యది సగముకంటెను తక్కువ యగును.

74ఎల్‌వీసీ244 అను చిప్పును చూడుడు: 20 పిన్నుల యీ నల్లని బిళ్లలో 8 బఫరులు నాలుగేసిగా రెండు జట్లై యుండును, 3.3 వోల్టులతో పనిచేయుచును 5 వోల్టుల సంకేతమును నిరపాయముగ స్వీకరించును. ఒక్కొక్క అవుట్‌పుట్టు 24 మిల్లీఆంపియర్ల కరెంటు నీయగలదు. జట్టుయొక్క అనుమతి పిన్నుపై వోల్టేజి హెచ్చైనచో, దాని అవుట్‌పుట్టులు 1 గాని 0 గాని చెప్పక, తీగనుండి తొలగినట్లే యుండును. ఒకే తీగను పలు చిప్పులు పంచుకొనుటకు వీలొసగు నీ మూడవ స్థితియే దీని ఘనత యని నా యభిప్రాయము.

ఐనను ఎనిమిదియు నొక్కమాఱు మాఱినపుడు సప్లయి, గ్రౌండు మార్గములలో వోల్టేజి చలించును. కావున బోర్డు కట్టువారు 0.1 మైక్రోఫారడు కెపాసిటరును సప్లయి పిన్నుకు మిక్కిలి చేరువగా నుంచుట మఱువరాదు.