ఐగుప్తు ఇంకా గుర్తొస్తోందా?

430 ఏళ్ల తర్వాత ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచి వచ్చారు. తరుముకొచ్చిన ఫరో సైన్యం ఎర్రసముద్రంలో మునిగిపోయింది. ఇక వారిని శాసించే దొర లేడు. అయినా అరణ్యంలో కాస్త ఇబ్బంది కలగగానే, ఐగుప్తులో ఉచితంగా తిన్న చేపల్ని, ఉల్లిపాయల్ని తలచుకుని ఏడ్చారు (సంఖ్యా. 11:5). ఇటుకలు చేయించిన కొరడా మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు! చివరికి ఒక నాయకుణ్ణి పెట్టుకుని తిరిగి వెళ్లిపోదామన్నారు (సంఖ్యా. 14:4).

1947లో మన దేశాన్నీ దొరలు విడిచి వెళ్లారు. దొరతనం మన సంఘాలను విడిచి వెళ్లిందా? మనలో ఎందరో ఇళ్లలో గోడకు తగిలించుకున్న యేసుప్రభువు పటం 1940లో వార్నర్ సాల్మన్ అనే అమెరికా చిత్రకారుడు వేసింది. ప్రభువు పుట్టింది ఆసియాలో, ఒక యూదుల ఇంట. అయినా ఆ ముఖాన్ని కాస్త నల్లగా వేసి చూపిస్తే మనకే మింగుడుపడదు.

ఇది మిషనరీల మీద నింద కాదు. కుంపణీ ప్రభుత్వం మొదట్లో వారిని రానివ్వనేలేదు. విలియం కేరీ డెన్మార్క్ ఏలుబడిలోని శ్రీరాంపూర్‌లో తలదాచుకోవలసి వచ్చింది. ఇతరులు గడప తొక్కనివ్వని బిడ్డలకు అక్షరాలు దిద్దించింది కూడా మిషనరీలే. అయితే సువార్త వెంట దొర, పనివాడు అనే వరుస కూడా వచ్చింది. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆ సంగతి వారి ముఖం మీదే చెప్పిన వాడు వి.ఎస్. అజరయ్య. మీ త్యాగం గొప్పదే, కానీ మాకు స్నేహితులు కావాలని ఆయన అడిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. తిరునెల్వేలి తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకుని డోర్నకల్‌లోనే సేవచేశాడు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి దేవాలయం లండన్ చర్చికి నకలు కాదు. గుమ్మటాలు, మండపాన్ని తలపించే స్తంభాలు చూస్తే ఇది మన నేల మీది గుడి అని తెలిసిపోతుంది. అంతకు చాలా ముందే పురుషోత్తమ చౌదరి మన రాగతాళాల్లో కీర్తనలు కట్టాడు.

ఇప్పుడు మన కూటాల్లో ఏం జరుగుతోంది? విదేశీ అతిథి వస్తే వేదిక మీద పెద్ద కుర్చీ, పూలదండ. ఎండనపడి పల్లెలు తిరిగే సువార్తికుడు గోడవారన నిలబడతాడు. ఆ అతిథి అడిగి వేయించుకున్న కుర్చీ కాదది, మనమే వేశాం. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టల వాడికి పాదపీఠం పక్కన చోటు చూపించిన సంఘాన్ని యాకోబు నిలదీశాడు (యాకోబు 2:2-4). ఆ సంఘంలో దొరలెవరూ లేరు.