గల్ఫ్ నుంచి స్ట్రెచర్ మీద రావాలంటే

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి గల్ఫ్‌కు కూలికి వెళ్లేవాళ్లలో పదో తరగతి పాస్ కానివారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. మంచి పథకమే. అది ఉండగా ఇంకో పాలసీ ఎందుకని ఇంట్లోవాళ్లు అడుగుతారు. కానీ వైద్యానికి దాని పరిమితి లక్షే, తిరుగు ప్రయాణానికి ఇచ్చేది ఎకానమీ టికెట్టే. లేచి కూర్చోలేని మనిషికి ఆ టికెట్ ఎందుకు పనికొస్తుంది? స్ట్రెచర్ వేయాలంటే విమానంలో చాలా సీట్లకు డబ్బు కట్టాలి, పక్కన నర్సో డాక్టరో ఉండాలి.

అందుకే విడిగా పాలసీ తీసుకునేటప్పుడు బీమా మొత్తం కన్నా ముందు ఈ షరతు చూడాలి: తరలింపు దగ్గర్లోని ఆసుపత్రి వరకేనా, సొంత దేశం దాకానా? మనకు దగ్గరి పెద్ద విమానాశ్రయం దేవనహళ్లి. అక్కణ్నుంచి అంబులెన్స్ ఖర్చు ఎవరిదో కూడా అడగాలి. బీపీ, షుగర్ ఉంటే పాలసీ తీసుకునేటప్పుడు దాచకూడదు.