నిలోఫర్: ఒక దవాఖానా పేరు వెనుక

మన కారేపల్లి పరిసర గ్రామాలలో పసిబిడ్డకు జబ్బు ముదిరి, ఖమ్మంలోనూ నయం కానప్పుడు పెద్దలు చెప్పే మాట ఒక్కటే: "నిలోఫర్‌కు తీసుకుపొండి." అది ఒక స్త్రీ పేరని తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు ఆశ్చర్యపోయారు. ఫారసీలో నిలోఫర్ అనగా కలువ. సంస్కృత నీలోత్పలమే ఆ మాటకు మూలమని భాషావేత్తలు చెబుతారు. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఇది ముచ్చటైన సంగతి.

ఆమె 1916లో ఇస్తాంబుల్‌లో తురుష్క సుల్తానుల వంశాన జన్మించారు. రెండేళ్ల వయసులోనే తండ్రి గతించారు. 1924లో ఖిలాఫత్ రద్దయి, రాజవంశీయులు దేశబహిష్కృతులు కాగా, తల్లితో ఫ్రాన్సులోని నీస్ నగరం చేరారు. 1931 నవంబరులో ఏడవ నిజాం రెండవ కుమారుడు ముఅజ్జం జాతో అక్కడే వివాహం జరిగింది. అదే రోజున చివరి ఖలీఫా కుమార్తె దుర్రెషెహ్వార్ పెద్ద కుమారుని వివాహమాడారు.

హైదరాబాదులో నిలోఫర్ చీరనే తన వేషంగా చేసుకున్నారు. పరదాను దాటి సభలకు వచ్చారు. ఆమె సౌందర్యాన్ని దేశదేశాల పత్రికలు కొనియాడాయి. ఆమె చీరలు కొన్ని నేటికీ న్యూయార్కు ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి. ఆమెను గురించి వ్రాసేవారిలో పెక్కుమంది ఇక్కడే ఆగిపోతారు. అది న్యాయం కాదని నా అభిప్రాయం. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆమె నర్సు శిక్షణ పొందిన విషయం ఎందరికి తెలుసు?

ఆమెకు సంతానం కలుగలేదు. ఐరోపా వైద్యులను సంప్రదించినా ఫలితం లేకపోయింది. అట్టి స్థితిలో, 1949లో, ఆమె పరిచారిక ఒకరు ప్రసవసమయంలో మరణించారు. రాజధానిలో, రాకుమారి కొలువులో ఉన్న స్త్రీకే ఆ గతి పట్టగా, మన అడవి అంచు తండాలలోని గర్భిణుల మాట వేరే చెప్పాలా? దుఃఖించి ఊరుకొనక, స్త్రీలకు, శిశువులకు ప్రత్యేక వైద్యాలయం కావాలని నిలోఫర్ పట్టుబట్టారు. రెడ్‌హిల్స్‌లోని ఆ దవాఖానా 1953లో ఆరంభమైంది. ఖమ్మం జిల్లా ఏర్పడిందీ ఆ సంవత్సరమే.

అప్పటికి ఆమె నిజాం ఇంటి కోడలు కారు. 1952లోనే విడాకులు జరిగాయి. పిమ్మట పారిస్‌లో స్థిరపడి, 1963లో పునర్వివాహం చేసుకున్నారు. 1989లో అక్కడే కన్నుమూశారు. ఆ నగర సమీపాన బొబీనీలోని ముస్లిం శ్మశానవాటికలో ఆమె సమాధి ఉంది.

దవాఖానా ఇప్పుడు ప్రభుత్వానిది. ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధం. దాని వరండాలలో బిడ్డను ఒడిలో పెట్టుకొని చీటీ కోసం ఎదురుచూసే తల్లులలో మన జిల్లావారూ ఉంటారు.