వడ్డీ లేదు సరే, ధర ఎంత?

జనగామలోనైనా, మహబూబాబాద్, భూపాలపల్లిలోనైనా అప్పు మాటెత్తగానే ఆడవాళ్ళు అడిగేది "మిత్తి ఎంత?" అనే. ఇస్లాంలో ఆ మిత్తే కూడదు. మరి ఫ్రిజ్జో, ఇల్లో కొనేదెలా?

అందుకు "మురాబహా" అనే పద్ధతి ఉంది. 20,000 రూపాయల ఫ్రిజ్‌ను సంస్థే ముందు కొంటుంది. తన లాభం 4,000 అని పైకే చెప్పి, 24,000కు మనకు వాయిదాల మీద అమ్ముతుంది. అదీ వడ్డీయేగా, పేరు మార్చారంతే అంటారా? కొంత నిజమే! కానీ వాయిదా తప్పినా ఆ ధర పెరగదు. జరిమానా వేసినా అది దానధర్మాలకే పోవాలట. వడ్డీ మీద వడ్డీతో నలిగినవాళ్ళకు ఆ తేడా చిన్నదేం కాదు. ఇల్లయితే సంస్థా, మనమూ కలిసి కొంటాం. దాని వాటాకు అద్దె కడుతూ, ఆ వాటానే కొద్దికొద్దిగా కొనుక్కుంటాం.

మన బ్యాంకుల్లో ఇది దొరకదు. 1949 నాటి చట్టం ప్రకారం బ్యాంకులు సరుకుల వ్యాపారం చేయకూడదు. ఈ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్ళబోమని రిజర్వు బ్యాంకు 2017లో తేల్చేసింది.

ఇక టీవీ షాపుల "సున్నా వడ్డీ" సంగతి. అసలు అలాంటిదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ సొమ్ము ప్రాసెసింగ్ ఫీజులోనో, మనకు రాకుండా పోయిన డిస్కౌంటులోనో ఉంటుంది. కాబట్టి అడగండి: రొక్కమిస్తే ఎంత? వాయిదాలైతే మొత్తం ఎంత? ఒక నెల తప్పితే ఎంత?